వెనక పొలంలో వంద ఇళ్లు వస్తాయట, ఆపగలమా?

ప్రశ్న: వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో, పశ్చిమాన పొలాలు మొదలయ్యే చోట రెండేళ్ల క్రితం ఇల్లు కొన్నాం. వెనక పొలం అలాగే ఉంటుందని అమ్మినవాళ్లు నమ్మబలికారు. ఇప్పుడు అక్కడ వందకు పైగా ఇళ్లు కట్టడానికి రీజోనింగ్ (ఆ భూమిలో ఏం, ఎంత కట్టవచ్చో చెప్పే 'జోనింగ్' నిబంధనల మార్పు) అడిగారని ఉత్తరం వచ్చింది. ఒకటే టెన్షన్. కోర్టుకు వెళ్లి ఆపవచ్చా?

జవాబు: అమ్మినవాళ్ల నోటిమాటతో పక్క భూమి యజమానిని ఆపలేరు. ఆ భూమిపై కన్సర్వేషన్ ఈజ్‌మెంట్ (కట్టడాలను పరిమితం చేస్తూ యజమాని రాసిచ్చిన ఒప్పందం) లాంటిది రిజిస్టరై ఉందేమో మాత్రం చూడండి.

ఉత్తరంలో 'రీజోనింగ్' అని ఉండటం ఒక రకంగా మీకు మేలే. ఉన్న జోనింగ్ ప్రకారమే కట్టుకునేదాన్ని 'బై రైట్' అంటారు. ప్లాన్లు నిబంధనలకు సరిపోతే కౌంటీ కాదనలేదు, మీరెంత మొత్తుకున్నా లాభం లేదు. రీజోనింగ్‌ను మాత్రం కాదనవచ్చు. ప్లానింగ్ కమిషన్ సిఫారసు చేస్తుంది, కౌంటీని నడిపే 9 మంది సూపర్వైజర్ల బోర్డు ఓటేస్తుంది.

1990లో 86 వేలున్న లౌడన్ జనాభా 2020కి 4 లక్షల 20 వేలు దాటింది. అందుకే 'మా ప్రశాంతత పోతుంది' అన్న మాట బోర్డుకు కొత్త కాదు. కౌంటీ ఎక్కడ ఏం రావాలో చెప్పే 2019 కాంప్రెహెన్సివ్ ప్లాన్ మీ చోట ఎకరాకు ఎన్ని ఇళ్లంటోంది, కౌంటీ సిబ్బంది రాసే స్టాఫ్ రిపోర్ట్‌లో రోడ్డు, స్కూలు సీట్ల లెక్క ఏమిటి, మీది బోరు నీళ్లయితే వాటి సంగతేమిటి... వీటి మీద మాట్లాడండి. మీ కాగితాలు రికార్డులోకి ఎక్కించండి.

బిల్డర్‌తో కూడా నేరుగా కూర్చోండి. చాలామంది దీన్ని పరువు తక్కువనుకుని అవకాశం పోగొట్టుకుంటారు. మీ కంచె వెంట చెట్ల వరస, లారీలు వచ్చే దారి లాంటివి ఆయన 'ప్రాఫర్'గా (రీజోనింగ్ కోసం తానుగా ఇచ్చే హామీగా) రాసిచ్చి, బోర్డు ఒప్పుకుంటే, రేపు భూమి చేతులు మారినా అవి కట్టుబాట్లే. మీటింగులో నోటితో ఒప్పుకున్నవి లెక్కలోకి రావు. ఇళ్ల ప్రాజెక్టుల్లో బిల్డర్‌ను కౌంటీ ఏవి అడగవచ్చో వర్జీనియా 2016 చట్టం బిగించింది కాబట్టి కౌంటీయే అన్నీ అడుగుతుందని కూర్చోకండి.

ఇక కోర్టు. బోర్డు నిర్ణయం నుంచి 30 రోజుల్లో సర్క్యూట్ కోర్టులో వేయాలి. పొరుగున ఉన్నంత మాత్రాన చాలదు, అందరికీ లేని నష్టం మీకు ఉందని చూపాలని వర్జీనియా సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. పైగా రెండు వైపులా వాదించదగ్గ విషయమైతే జడ్జి బోర్డు తీర్పునే నిలబెడతారు. నిజం చెప్పాలంటే, ఇలాంటి కేసుల్లో గెలుపు అరుదు.

నోటీసు లోపం ఒక్కోసారి పనికొస్తుంది. పశ్చిమ లౌడన్‌లో ఇళ్లు తగ్గించాలని కౌంటీ తెచ్చిన జోనింగే 2005లో ప్రకటన సరిగా లేదన్న కారణంతో వర్జీనియా సుప్రీంకోర్టులో కొట్టుడుపోయింది! అయితే మీకు ఉత్తరం అందింది కాబట్టి 'నాకు నోటీసు రాలేదు' అనే వాదన మీకు లేదు. చట్టం ప్రకారం పక్క యజమానులకు హియరింగ్‌కు (జనం మాట్లాడే బహిరంగ విచారణకు) కనీసం 5 రోజుల ముందు పంపితే చాలు. అంటే మీ దగ్గర వారం కూడా ఉండకపోవచ్చు. ఉత్తరంలో తేదీ చూసి, మాట్లాడేవారి జాబితాలో ఇవాళే పేరు రాయించుకోండి.