పీజీ రూములో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఎలా నెట్టుకురావాలి?

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లెటూరండీ. మారతహళ్లిలో పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగాలకి ట్రై చేస్తున్నాను. ఇంటర్వ్యూలన్నీ ఆన్‌లైన్‌లోనే. రూములో ముగ్గురం, వైఫై ఎప్పుడు పోతుందో తెలీదు, కెమెరా ఆన్ అయితే తెలిసిన జవాబుకి కూడా నోరు పెగలదు. పక్కన ఫోన్‌లో ఏఐ పెట్టుకుని చూసి చదివెయ్ అంటున్నారు ఫ్రెండ్స్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ముందు మీ ఫ్రెండ్స్ సలహా సంగతి. వద్దు. తప్పొప్పుల మాట అటుంచండి, అసలది దొరికిపోయే పని. ప్రశ్న వినగానే కాసేపు మౌనం, ఆ తర్వాత కళ్లు అటూ ఇటూ కదులుతుంటే పుస్తకం భాషలో జవాబు... రోజూ ఇంటర్వ్యూలు చేసేవాళ్లకి ఇది ఇట్టే తెలుస్తుంది. "ఇది మీ ప్రాజెక్టులో ఎక్కడ వాడారు?" అని ఒక్కటి అడిగితే చాలు, కథ కంచికి.

ఇక చోటు. రూమ్మేట్స్‌ని ఆ గంటసేపు బయటికెళ్లమని ముందురోజే అడగండి, కుదరకపోతే ఫ్లాట్‌లో ఉండే స్నేహితుడి ఇంటికి వెళ్లండి, అదీ కాకపోతే గంటల లెక్కన గది ఇచ్చే కోవర్కింగ్ చోట్లు బెంగళూరులో బోలెడు. మేడ మీదకి మాత్రం ఎక్కొద్దు, గాలి హోరుకి తోడు పక్కనే హెచ్ఏఎల్ విమానాశ్రయం. ముఖం కాస్త మసగ్గా కనిపించినా ఫర్వాలేదు గానీ మాట తెగితే ఎదుటివాళ్లకి చిరాకొస్తుంది, అందుకే వైరున్న ఇయర్‌ఫోన్స్ వాడండి. ఫోన్ హాట్‌స్పాట్ ముందే ఒకసారి కనెక్ట్ చేసి చూసుకోండి, హెచ్ఆర్ నంబరు కాగితం మీద రాసుకోండి, లైన్ కట్టయితే వెంటనే మెసేజ్ పెట్టొచ్చు. ముందురోజు రాత్రే లాప్‌టాప్ అప్‌డేట్లు కానిచ్చి రీస్టార్ట్ చేయండి. స్క్రీన్ షేర్ చేయమంటే మొత్తం స్క్రీన్ కాదు, అడిగిన విండో ఒక్కటే, లేకపోతే మీ వాట్సాప్ ముచ్చట్లన్నీ వాళ్లకి దర్శనమిస్తాయి. కిటికీ వెలుగు ముఖం మీద పడాలి, కెమెరా కంటి ఎత్తులో ఉండాలి. అంతే, దానికింకేం హంగామా అక్కర్లేదు.

అసలు చిక్కు నోరు పెగలకపోవడం. మీరు జవాబులు చదువుతున్నారు, బయటికి చెప్పి చూసుకోవడం లేదని నా అనుమానం. "లాగిన్ పేజీని ఎలా టెస్ట్ చేస్తావ్?" అన్న ప్రశ్న మీకు తగిలే ఉంటుంది. దానికి గబగబా లిస్టు అప్పజెప్పకండి. ముందు మీరే అడగండి, లాగిన్ మొబైల్ నంబరుతోనా, ఈమెయిల్‌తోనా అని. తర్వాత ఆలోచిస్తున్నదంతా పైకే చెప్పండి: సరైన పాస్‌వర్డ్, తప్పు పాస్‌వర్డ్, ఖాళీగా వదిలేస్తే, ఈమెయిల్ చివర స్పేస్ పడితే, వరసగా తప్పులు కొడితే అకౌంట్ లాక్ అవుతుందా, లాగౌట్ చేశాక బ్యాక్ నొక్కితే లోపలి పేజీ మళ్లీ కనిపిస్తోందా. ఈ చివరిది చెప్పేవాళ్లు తక్కువ, చెబితే ఎదుటివాళ్లు కాస్త ముందుకి వంగి వింటారు. దీన్ని ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. మొదటిసారి మీ గొంతు మీకే నచ్చదు, అయినా వినండి. ఇంగ్లీషు చిన్న చిన్న వాక్యాల్లో చాలు, ప్రశ్న సరిగా వినపడకపోతే ఇంకోసారి అడగమనండి, ఊహించుకుని జవాబివ్వడం కంటే అదే నయం.

ప్రశ్న: చాట్‌లోనే ఇంటర్వ్యూ చేసి సెలెక్ట్ అయ్యావన్నారు. లాప్‌టాప్ పంపడానికి డిపాజిట్ కట్టమంటున్నారు. తర్వాత తిరిగి ఇచ్చేస్తారట. కట్టనా?
– ఒక పాఠకురాలు, బీటీఎం లేఅవుట్

జవాబు: కట్టకండమ్మా, అది మోసం. పద్ధతైన కంపెనీ ఏదీ ఉద్యోగం ఇవ్వడానికి మన దగ్గర డబ్బు అడగదు. ఆధార్, బ్యాంకు వివరాలు కూడా పంపొద్దు. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకీ చెప్పండి. ఆ చాట్ మాత్రం డిలీట్ చేయకండి, ఫిర్యాదుకి పనికొస్తుంది.