మార్స్ మీద గాలి ఉంది కదా, మరి దిగడం ఎందుకంత కష్టం?

ప్రశ్న: సార్, చంద్రయాన్-3 దిగిన రోజు మా అపార్ట్‌మెంట్ వాళ్లంతా టీవీ ముందే ఉన్నాం. విక్రమ్‌కి పారాచూట్ లేదు, ఇంజిన్లతోనే దిగింది. మార్స్ మీద గాలి ఉంది కాబట్టి పారాచూట్ వేసి ఈజీగా దిగిపోవచ్చు కదా, అదే ఇంకా కష్టం అంటారేంటి? ఇక్కడి నుంచి రిమోట్‌తో నడపలేరా?
- ఇంటర్ విద్యార్థిని, మధురవాడ

జవాబు: అసలు చిక్కంతా ఆ గాలితోనే అమ్మా. ఉంది, కానీ చాలదు. మన దగ్గర నేల మీద ఉండే ప్రెజర్‌లో అక్కడ ఒక శాతం కూడా ఉండదు, అయినా గంటకి దాదాపు 20 వేల కిలోమీటర్ల స్పీడుతో దూసుకొచ్చేదాన్ని మాడ్చెయ్యడానికి మాత్రం అది సరిపోతుంది. ఆ స్పీడులో వెళ్తే వైజాగ్ నుంచి విజయనగరం పదీ పదకొండు సెకన్లు, అంతే. అందుకని ముందు హీట్ షీల్డ్ ఉండాలి, 2021లో దిగిన పర్సెవరెన్స్ రోవర్‌కైతే షీల్డ్ బయట సుమారు 1300 డిగ్రీల దాకా వేడి ఉంటుంది. ఆ తర్వాత 21.5 మీటర్ల వెడల్పున్న పారాచూట్, అదీ గంటకి 1500 కిలోమీటర్ల స్పీడులో ఉండగానే తెరుచుకోవాలి, చిరగకూడదు. ఇంత చేసినా ఆ పల్చటి గాలిలో స్పీడు 320 దగ్గరే ఆగిపోతుంది. అలాగే నేలకి తగిలితే ఇంకేం మిగుల్తుంది? కాబట్టి చివర్లో మళ్లీ ఇంజిన్లే, అవి కూడా నేలకి మరీ దగ్గరగా వస్తే దుమ్ము, రాళ్లు లేస్తాయని పైనే ఉండి, టన్ను బరువున్న రోవర్‌ని తాళ్లతో కిందకి దించాయి. చంద్రుడి మీద మొదటి నుంచి చివరిదాకా ఇంజిన్లే, మార్స్ మీద ఏడు నిమిషాల్లో పద్ధతి మూడుసార్లు మారాలి.

రిమోట్ సంగతి. మార్స్ నుంచి సిగ్నల్ రావడానికి గ్రహాల దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది, పర్సెవరెన్స్ అప్పుడు 11 నిమిషాలకి పైనే. అంటే "గాలిలోకి ఎంటరైంది" అన్న కబురు మనకి అందేసరికే అది దిగిపోయైనా ఉంటుంది, పగిలిపోయైనా ఉంటుంది. నిర్ణయాలన్నీ లోపలున్న కంప్యూటరే తీసుకోవాలి, నా ఉద్దేశంలో వేడి కన్నా స్పీడు కన్నా ఇదే పెద్ద కష్టం. 2016లో మార్స్ మీదకి యూరప్ వాళ్లు పంపిన షియాపరెల్లీ ల్యాండర్‌ని చూడు, హీట్ షీల్డ్ పనిచేసింది, పారాచూట్ తెరుచుకుంది, కానీ ఆ కుదుపుకి తిరుగుడు కొలిచే సెన్సర్ ఒక్క సెకను పాటు పై లిమిట్‌లో ఇరుక్కుపోయింది, దాంతో కంప్యూటర్ లెక్క తప్పి తను నేలకన్నా కిందే ఉన్నాననుకుని పారాచూట్ వదిలేసి మూడు సెకన్లకే ఇంజిన్లు ఆపేసింది, అప్పటికింకా 3.7 కిలోమీటర్ల ఎత్తులో ఉంది పాపం. అందుకే మనవాళ్లు 2019లో చంద్రయాన్-2తో వెళ్లిన మొదటి విక్రమ్ పోయాక ఏ సెన్సర్ ఫెయిలైతే ఏంటి, ఏ ఇంజిన్ ఆగితే ఏంటి అని ఒక్కొక్కటీ వేసుకుని చంద్రయాన్-3ని తయారుచేశారు, కాళ్లు గట్టిచేశారు, ఇంధనం పెంచారు, దిగే చోటు ఇంకా విశాలంగా తీసుకున్నారు. ఆగస్టు 23న మీరంతా చప్పట్లు కొట్టింది ఆ నాలుగేళ్ల పనికి.

ప్రశ్న: మరి శుక్రుడు మార్స్ కన్నా దగ్గరికొస్తాడుగా, అక్కడికి ల్యాండర్లు ఎందుకు పంపట్లేదు?
- గాజువాక పాఠకుడు

జవాబు: పంపారండీ, సోవియట్ వాళ్లు చాలాసార్లు దింపారు. అక్కడ దిగడం కన్నా బతకడం కష్టం. గాలి ఎంత చిక్కనంటే వెనెరా-13 దాదాపు 47 కిలోమీటర్ల ఎత్తులోనే పారాచూట్ వదిలేసి, మిగతా దూరం గాలి ఆపుతుంటేనే దిగింది. కానీ నేల మీద 460 డిగ్రీల వేడి, మన దగ్గరకన్నా 90 రెట్లు ప్రెజర్, ఏ ఎలక్ట్రానిక్స్ తట్టుకుంటుంది చెప్పండి. 32 నిమిషాలు పనిచేస్తే చాలనుకుని పంపిన వెనెరా-13, 1982లో 127 నిమిషాలు పనిచేసి కలర్ ఫొటోలు కూడా పంపింది.