కిడ్నీ ఇన్ఫెక్షన్ ఉండగా ఐరన్ ఎక్కించకూడదా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. హిమోగ్లోబిన్ 8.6 ఉందని, సెలైన్‌లో ఐరన్ ఎక్కించాలన్నారు. ఈలోగా చలిజ్వరం, నడుము నొప్పితో ఆసుపత్రిలో చేర్చాం. మూత్రం కల్చర్‌లో ఈ. కోలై అనే బ్యాక్టీరియా వచ్చింది. ఇప్పుడు ఐరన్ వద్దంటున్నారు. ఐరన్ క్రిములకు బలమని ఎవరో చెబితే అమ్మ తోటకూర కూడా ముట్టడం లేదు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఐరన్ ఎక్కించడం వాయిదా వేసి మీ డాక్టర్ మంచి పనే చేశారు. తోటకూర మాత్రం ఏ పాపమూ చేయలేదు, పెట్టండి.

మనలాగే ఈ. కోలైకి కూడా ఇనుము లేనిదే పూట గడవదు. కానీ మన ఒంట్లో ఇనుము విడిగా దొరకదు. చాలావరకు హిమోగ్లోబిన్‌లో ఉంటుంది, రక్తద్రవంలో తిరిగే కాస్తనూ ట్రాన్స్‌ఫెర్రిన్ అనే ప్రోటీన్ పట్టుకుని ఉంటుంది. ఇన్ఫెక్షన్ రాగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను పెంచి, పేగుల నుంచి వచ్చే ఇనుముకూ అడ్డుకట్ట వేస్తుంది.

అందుకు బ్యాక్టీరియా ఎంటరోబాక్టిన్ అనే అణువును బయటికి వదులుతుంది. అది ట్రాన్స్‌ఫెర్రిన్ చేతిలోని ఇనుమును సైతం లాక్కుని వెళ్లి బ్యాక్టీరియాకు అందిస్తుంది. మన తెల్లకణాలు లిపోకాలిన్-2 అనే ప్రోటీన్‌తో ఆ అణువును దారిలోనే పట్టేస్తాయి. మూత్రనాళంలో జబ్బు చేసే రకాలు ఇక్కడే గడుసుతనం చూపిస్తాయి. వాటిలో చాలావాటికి అదనపు జన్యువులు ఉంటాయి. కొన్ని అదే అణువుకు చక్కెర తగిలించి లిపోకాలిన్ పట్టుకు అందకుండా చేస్తాయి. కొన్ని ఏరోబాక్టిన్ వంటి వేరే అణువులనే తయారు చేసుకుంటాయి.

ఈ జన్యువుల విలువ ఎంతో తెలిపే ఉదంతం ఒకటుంది. 2009లో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకుడొకరు ప్లేగు బ్యాక్టీరియా సోకి మరణించారు. ఆయన పనిచేసింది ఇనుము సేకరించే జన్యువులు పోయిన, నిరపాయమనుకున్న రకంతో. ఆయనకు వంశపారంపర్యంగా ఒంట్లో ఇనుము పేరుకుపోయే జబ్బు ఉందని మరణానంతరం తేలింది. ఆ మిగులు ఇనుమే క్రిమి లోటును పూడ్చి ఉంటుందని నిపుణుల అనుమానం.

ఇక మీ అమ్మగారి సంగతి. పేగులు రోజుకు గ్రహించే ఇనుము ఒకటి రెండు మిల్లీగ్రాములు. సెలైన్‌లో ఒక్క విడతకే 500, ఒక్కోసారి 1000 మిల్లీగ్రాములు నేరుగా రక్తంలోకి వెళ్తాయి. అందుకే జ్వరంలో దాని జోలికి వెళ్లం. యాంటీబయోటిక్ కోర్సు పూర్తయి, ఇన్ఫెక్షన్ తగ్గాక ఎక్కించుకోవచ్చు. ఒంట్లో ఐరన్ నిల్వలు ఎంతో చెప్పే ఫెరిటిన్ పరీక్ష ఇప్పుడు చేయిస్తే ఇన్ఫెక్షన్ వల్ల అంకె పెరిగి కనిపిస్తుంది. దాన్ని చూసి ఐరన్ సరిపోయిందనుకోకండి, కొన్ని వారాలాగి మళ్లీ చేయించండి.

నన్నడిగితే ఈ. కోలై కన్నా పెద్ద ప్రశ్న వేరే ఉంది: నెలసరి ఆగిన వయసులో రక్తం ఎందుకు తగ్గింది? ఐరన్ లోపమేనని తేలితే జీర్ణాశయంలోనో పేగుల్లోనో రక్తం పోతోందేమో చూడాలి. అవసరమైతే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేస్తారు. రక్తం పోతే మలం నల్లబడొచ్చు, కానీ ఐరన్ మాత్రలతోనూ అలా నల్లబడటం మామూలే కాబట్టి, రంగు చూసి మీరే ఒక నిర్ణయానికి రాకండి.