ఆ రైలు సీనే మళ్లీ మళ్లీ ఎందుకు చూస్తున్నాడు?

ప్రశ్న: మాది ఖమ్మం. నా వయసు 34. ఏడాదిన్నర క్రితం మావారు గుండెపోటుతో పోయారు. బాబుకి ఇప్పుడు తొమ్మిదేళ్లు. సెలవుల్లో మా అన్నయ్య పిల్లలతో కలిసి హ్యారీ పాటర్ సినిమాలు చూశాడు. మొదటి రెండూ కేరింతలు కొడుతూ చూశాడట. మూడోది చూసిన రాత్రి నుంచి లైటు తీయనివ్వడు, కరెంటు పోతే కేకలు పెడతాడు. ‘ఆ డిమెంటర్లు నా దగ్గరికొస్తే నాకూ నాన్న గొంతు వినిపిస్తుందా?’ అని ఒకరోజు అడిగాడు. అవి ఆ సినిమాలో మనుషుల సంతోషాన్ని పీల్చేసే ముసుగు జీవులట. అంత భయపడేవాడు, మొన్న దొంగచాటుగా నా ఫోన్‌లో అవి వచ్చే రైలు సీనే పెట్టుకుని చూస్తూ దొరికాడు. మా అత్తయ్యగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ‘మగపిల్లాడివి, సినిమాకి ఏడుస్తావేంట్రా’ అని అన్నయ్య కసిరాడు. చూస్తే బాధపడతాడని వాళ్ల నాన్న ఫొటోలన్నీ బీరువాలో పెట్టేశాను. నాన్న దేవుడి దగ్గరికి వెళ్లాడని చెప్పాను, అంతే. మావారి ఫోన్‌కి ఇప్పటికీ ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాను. అందులో ఆయన వాయిస్ మెసేజీలున్నాయి, వినే ధైర్యం లేదు. బాబు మనసుకేమైనా జబ్బు చేసిందా? ఈ సినిమాలు పూర్తిగా మాన్పించేయమంటారా?

జవాబు: అమ్మా, బాబు దొంగచాటుగా ఆ సీను చూస్తున్నాడన్న చోట చాలాసేపు ఆగిపోయాను. మామూలుగా భయమేస్తే పిల్లలు కళ్లు మూసుకుంటారు, రిమోట్ లాక్కుంటారు. వెతుక్కుని మరీ చూస్తున్నాడంటే అక్కడ వాడికి కావలసిందేదో ఉంది. అదేమిటో వాడే మీకు చెప్పాడు. నాన్న గొంతు.

మీరు ఆ సినిమా చూశారో లేదో రాయలేదు, కాబట్టి కొంచెం చెబుతాను. అది 2004లో వచ్చిన ‘ప్రిజనర్ ఆఫ్ అజ్కబాన్’. మొదటి రెండూ క్రిస్ కొలంబస్ తీశారు, పండగలా ఉంటాయి. మూడోదానికి దర్శకుడు మారాడు. అల్ఫాన్సో క్వరోన్ చేతిలో వెలుగు తగ్గింది, చలి పెరిగింది. వానలో రైలు ఆగిపోతుంది, దీపాలు ఆరిపోతాయి, కిటికీ అద్దం మీద మంచు పాకుతుంది, పెట్టె తలుపు దగ్గరికి డిమెంటర్ ఎముకల చెయ్యి వస్తుంది. హ్యారీ స్పృహ తప్పుతాడు. స్పృహ పోయే ముందు వాడికొక ఆడమనిషి కేక వినిపిస్తుంది. పక్కవాళ్లెవరికీ వినపడదు. అది చనిపోయే రాత్రి వాళ్లమ్మ పెట్టిన కేక అని తర్వాత తెలుస్తుంది.

అమ్మానాన్నల్లేని పిల్లాడి కథ అది. మీ అన్నయ్య పిల్లలు చూసింది దయ్యాల సినిమా, మీ బాబు చూసింది తన కథ. నవలలో ఇంకో మాట ఉంది. ఊహ తెలిశాక హ్యారీకి తల్లిదండ్రుల గొంతు వినపడేది డిమెంటర్లు వచ్చినప్పుడే. అది ప్రాణం తీసేంత బాధ. అయినా ఆ గొంతుల కోసం వాడి మనసు లోలోపల కొట్టుకుంటుంది, అందుకే ఆ జీవుల్ని తరిమే మంత్రం వాడికి సరిగ్గా పట్టుబడదు. మీ బాబు ఫోన్‌లో చేస్తున్నది అచ్చం అదేనమ్మా. ఇంట్లో ఫొటోల్లేవు, పేరెత్తేవాళ్లు లేరు. నాన్న దగ్గరికి వెళ్లే దారుల్లో వాడికి మిగిలింది ఆ భయం ఒక్కటే.

జబ్బేమీ కాదు. సినిమా వాడిని పాడుచేయలేదు కూడా. మూటకట్టి అటక మీద పెట్టిన దుఃఖాన్ని కిందికి దించింది.

నాకు పదేళ్లప్పుడు మా నాన్న పోయారు. ఆ పొద్దున నన్ను ఎదురింటికి పంపారు. ఆవిడ స్టీలు గ్లాసులో బూస్టు కలిపిచ్చి, కిటికీ తలుపు దగ్గరగా వేసింది. వీధిలో డప్పు వినబడుతూనే ఉంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మంచం లేదు, చెప్పుల్లేవు. ఎవరూ ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. నా మీద ప్రేమతోనే అలా చేశారని తెలుసు. మీరూ ప్రేమతోనే ఫొటోలు దాచారు. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు, నాన్న గురించి అడగడమే తప్పేమో అనుకుంటూ పెరిగాను. మీ బాబు అలా పెరగకూడదని నా తాపత్రయం.

ముందు వాడితో నిజం మాట్లాడండి. ‘నాన్న చనిపోయారు నాన్నా. గుండె ఆగిపోయింది. ఇక తిరిగి రారు. అందులో నీ తప్పేమీ లేదు’ అని, ఆ ‘చనిపోయారు’ అన్న మాట వాడి మరీ చెప్పండి. దేవుడి దగ్గరికి వెళ్లాడంటే, ఆ దేవుడు రేపు అమ్మనీ పిలుస్తాడేమోనని పిల్లలు బెంగపడతారు. నాన్న పోయే ముందురోజు తాను అల్లరి చేశాననో, మాట వినలేదనో లోపల కుమిలే పిల్లల్ని కూడా చూశాను. తప్పు లేదని ఒకటికి నాలుగుసార్లు చెప్పినా ఎక్కువ కాదు. చెప్పేటప్పుడు మీకు ఏడుపొస్తే ఏడవండి. వాడు ఐదు నిమిషాలు ఏడ్చి, వెంటనే క్రికెట్ బ్యాటు పట్టుకుని పరిగెత్తినా ఆశ్చర్యపోకండి. పిల్లల దుఃఖం అలాగే ముక్కలు ముక్కలుగా వస్తుంది.

అత్తయ్యగారితో తాయెత్తు గురించి గొడవ పడొద్దు. కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఆవిడ, చేతనైనది చేశారు. పిల్లాడి ఎదుట గాలి, దయ్యం అనే మాటలు మాత్రం వద్దని బతిమాలండి. ఆ ముసుగు జీవులను తాను పడ్డ డిప్రెషన్ నుంచే పుట్టించానని రచయిత్రి జె.కె. రౌలింగే చెప్పారు. 1990లో ఆమె తల్లి 45 ఏళ్లకే పోయారు. ఈ సంగతి అత్తయ్యగారికీ చెప్పండి. బాబు నాన్న చిన్నప్పటి ముచ్చట్లు ఆవిడకి తెలిసినన్ని మీకూ తెలియవు, అవి రోజూ ఒకటి వాడికి చెప్పమనండి. మీ అన్నయ్యకైతే ఒకటే చెప్పండి, ఆ కథలో భయంతో మూర్ఛపోయింది కథానాయకుడే, అతనూ మగపిల్లాడేనని.

రాత్రిళ్లు చిన్న బెడ్‌లైటు ఉండనివ్వండి, కరెంటు పోతే వాడి చేతికందేలా ఒక టార్చి పెట్టండి. పీడకలలు ఎక్కువగా తెల్లవారుజాముకి వస్తాయి, లేచాక గుర్తుంటాయి. దగ్గరికి తీసుకుంటే చాలు. నిద్రపోయిన రెండు మూడు గంటల్లోపే లేచి అరుస్తూ, మిమ్మల్ని గుర్తుపట్టకుండా, పొద్దున ఏమీ తెలియదంటే అది వేరు. అప్పుడు తట్టి లేపకండి, దెబ్బ తగలకుండా పక్కనే ఉండండి. స్కూలుకి వెళ్లనని మొండికేస్తున్నా, పక్క తడుపుతున్నా, ఈ భయం నెల దాటినా పిల్లల మానసిక వైద్యుణ్ని కలవండి. నాన్న దగ్గరికి వెళ్లిపోతానంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

సినిమా మాన్పించొద్దు. ఒక ఆదివారం పగటిపూట మీరిద్దరూ కలిసి చూడండి, రిమోట్ వాడి చేతికివ్వండి. రైలు సీను దగ్గర ఆపేస్తే ఆపేయనివ్వండి, కానీ మరోరోజైనా చివరిదాకా చూడాలి. వాడు చూస్తున్న ముక్కలో భయమే ఉంది, దానికి మందు తర్వాత ఉంది. మూర్ఛ తేరుకున్నాక మాస్టారు లూపిన్ చాక్లెట్ ఇస్తాడు, తర్వాత మంత్రం నేర్పిస్తాడు. బాగా సంతోషపడ్డ జ్ఞాపకాన్ని గట్టిగా తలచుకోవాలి. చీపురు మీద తొలిసారి ఎగరడం తలచుకుంటే చాలదు. అమ్మానాన్నలు తనతో ఊరికే మాట్లాడుతున్నట్టు తలచుకున్నాక అది పనిచేస్తుంది. అది నిజంగా జరిగిందో లేదో కూడా హ్యారీకి తెలియదు పాపం. మీ బాబుకి ఏడేళ్లకు పైగా నిజంగా జరిగినవే ఉన్నాయి. ఒక నోటుబుక్కిచ్చి ఒక్కొక్కటీ బొమ్మ వేయమనండి.

నాలుగో సినిమా ఇప్పుడే వద్దు. అమెరికాలో మొదటి మూడింటికీ పీజీ (పెద్దల సలహాతో పిల్లలు చూడొచ్చు) రేటింగ్ ఇచ్చి, దానికి పీజీ-13 (పదమూడేళ్లలోపు వాళ్లకి తగకపోవచ్చు) ఇచ్చారు. అందులో కొడుకు శవం మీద పడి ఒక తండ్రి ఏడుస్తాడు. రెండు మూడేళ్లు పోనివ్వండి.

ఇక ఆ ఫోన్. ముందు మీరొక్కరే వినండి, వీలైతే మీ అమ్మగారినో స్నేహితురాలినో పక్కన కూర్చోబెట్టుకుని. అన్నీ అక్కర్లేదు. కూరగాయలేం తేవాలనో, బస్సు దిగగానే ఫోన్ చెయ్యమనో ఆయన మామూలుగా మాట్లాడిన చిన్నది ఒకటి ఎంచుకోండి. పోకుండా ఇంకో రెండుచోట్ల కాపీ పెట్టుకోండి. తర్వాత బీరువాలోంచి ఒక ఫొటో తీసి బాబు చేతికిచ్చి, ‘నాన్న గొంతు వింటావా?’ అని అడగండి. వద్దంటే ఆరోజుకి వదిలేయండి. వింటానంటే, వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ బటన్ వాడినే నొక్కనివ్వండి.