ఆటస్థలం ఉత్తరాలు: స్పాంజి కత్తికి ఇనప చొక్కా ఎందుకు?

ప్రశ్న: నమస్తే అండీ. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా పెద్దబ్బాయికి 17 ఏళ్లు. ఆర్నెల్లుగా ఆదివారం వస్తే చాలు, పార్కులో ఆమ్ట్‌గార్డ్ ఆడటానికి పోతున్నాడు. స్పాంజి కత్తులతో యుద్ధాలు. ఇప్పుడు 400 డాలర్లు పెట్టి చైన్‌మెయిల్ (ఇనప రింగులు గొలుసులా అల్లిన) చొక్కా కొనమని ఒకటే గోల. అది వేసుకుంటే దెబ్బ తగిలినా చావడట. స్పాంజి కత్తికి ఇనప చొక్కా ఎందుకండీ? అడిగితే విజర్డ్‌గా ఆడతానంటాడు. వాడి ఒంటికి ఏమన్నా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక అమ్మ, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: అమ్మా, ముందు ఆ విజర్డ్ సంగతి తేల్చుకుందాం. ఆమ్ట్‌గార్డ్‌లో ఏ పాత్రకి ఎంత కవచం చెల్లుతుందో రూల్ ఉంది. వారియర్‌కి అందరికన్నా ఎక్కువ. విజర్డ్‌కి అసలు లేదు, అతని బలమంతా మంత్రాలే. మీవాడు విజర్డ్‌గా ఆడినన్నాళ్లూ ఆ 400 డాలర్ల చొక్కా అలమారలో వేలాడుతుంది. వారియర్‌గా మారే ఆలోచన ఉందేమో కూర్చోబెట్టి అడగండి. లేదంటే ఈ ఖర్చు ఇప్పటికి వద్దు.

ఇక ఇనుము ఎందుకన్నది. 1983లో ఎల్ పాసోలో మొదలైన ఈ ఆటలో చెయ్యికో కాలికో కత్తి తగిలితే ఆ అవయవం పోయినట్టు. రెండు పోతే చనిపోయినట్టు. ఛాతీకో వీపుకో తగిలితే అక్కడికక్కడే చనిపోయినట్టు. తల మీద, మెడ మీద కొట్టకూడదు. కవచం ఉంటే దెబ్బ ముందు దాని పాయింట్లని తింటుంది, అవి అయిపోయాకే ఒంటికి లెక్క. అదీ కవచం కప్పిన చోటే. మొండానికి చొక్కా తొడిగి చేతులు వదిలేస్తే, చేతికి తగిలిన దెబ్బకి చెయ్యి పోయినట్టే. ఎన్ని పాయింట్లన్నది అది తోలా, గొలుసా, రేకా, ఎంత మందం, ఎలా చేశారు అన్నవాటిని బట్టి. రిఫరీ చేత్తో పట్టుకుని చూసి చెబుతాడు. మా దగ్గర రిఫరీని రీవ్ అంటారు.

అంటే స్పాంజి దెబ్బ నుంచి కాపాడటానికి కాదమ్మా ఆ ఇనుము. బరువు మోసి, చెమటోడ్చి వచ్చినవాడికి ఆట ఇంకో అవకాశం ఇస్తోంది, అంతే. నిజంగా ఒంటిని కాపాడే కవచం కావాలంటే ఎస్సీఏ (సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం) అనే పాతకాలపు యుద్ధాలాడే సంఘం వాళ్లని చూడాలి. 1966లో బర్కిలీలో మొదలైంది. వాళ్లవి స్పాంజి కత్తులు కావు, ఒకటింపావు అంగుళాల మందం పేము బెత్తాలు. 16 గేజి ఉక్కు హెల్మెట్, మెడకి, మోచేతులకి, మోకాళ్లకి రక్షణ లేకుండా లోపలికి రానివ్వరు. అయినా పాయింట్లు లేవు. ఏది తొడుక్కున్నా అందరూ గొలుసు చొక్కా వేసుకున్నట్టే అనుకుని దెబ్బ లెక్కకడతారు. 1977లో వాషింగ్టన్ డీసీ పరిసరాల్లో మొదలైన డాగోర్‌హిర్ అనే స్పాంజి కత్తుల ఆటది ఇంకో దారి. కవచం ఉన్నచోట ఒక దెబ్బ ఎక్కువ ఓర్చుకుంటుంది. ఒకే చొక్కాకి మూడు ఆటల్లో మూడు విలువలు. అందుకే అమ్మేవాడి మాట కన్నా రూల్‌బుక్ ముందు చదవమంటాను.

నేను గుంటూరు నుంచి ఇర్వింగ్ వచ్చి 19 ఏళ్లయింది. ఆమ్ట్‌గార్డ్‌కి నన్ను తీసుకెళ్లింది మా అమ్మాయి. నా మొదటి చొక్కా నేనే చేసుకున్నాను. గాల్వనైజ్డ్ కంచె తీగని కడ్డీకి స్ప్రింగులా చుట్టి, రింగులుగా కత్తిరించి, ఒక్కో రింగులోంచి నాలుగు రింగులు పోయేలా అల్లాలి. రెండు ప్లయర్లు, రోజూ రాత్రి భోజనాలయ్యాక ఓ గంట. ఎనిమిది నెలలు పట్టింది. తీసుకెళ్తే రీవ్ ఒప్పుకోలేదు. చంక దగ్గర కొన్ని రింగుల మొనలు సరిగ్గా కలవలేదు. ఆయన నూలు చేతిగుడ్డతో చొక్కా అంతా ఒకసారి తుడిచాడు. గుడ్డ ఏడు చోట్ల చిక్కుకుంది. ‘ఇది ఎదుటివాడి వేలికి తగిలితే?’ అన్నాడు. ఆ రోజు చొక్కా లేకుండానే ఆడాను. మీవాడికి ఏ చొక్కా వచ్చినా ఆ గుడ్డ పరీక్ష మీరే చెయ్యండి.

ఇంకో సంగతి మీవాడికి నేరుగా చెప్పాలని ఉంది. ఈ ఆటలో తగిలిన దెబ్బని లెక్కపెట్టుకోవాల్సింది తగిలినవాడే. గొలుసు చొక్కా, దాని కింద బొంతలాంటి మందపాటి అంగీ ఉంటే స్పాంజి దెబ్బ సగం తెలియదు. ఒకసారి నాకు వీపు మీద తగిలింది, తెలియక ముందుకు పోతూనే ఉన్నాను. కొట్టిన కుర్రాడు ఏమీ అనలేదు, కత్తి దించి నిలబడి చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. వెనక్కి వెళ్లి సారీ చెప్పి, చనిపోయానని చెయ్యెత్తి బయటికి నడిచాను. అప్పట్నుంచి గొలుసు గలగల వినిపిస్తే చాలు, దెబ్బ కిందే లెక్క వేసుకుంటున్నాను. కవచం తొడుక్కున్నవాడు ఇంకా ఎక్కువ నిజాయితీగా ఉండాలి. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

మీ అసలు భయం ఒంటి గురించి కదా. దెబ్బల కన్నా ఎండకి భయపడండి. ఉక్కు చొక్కా పది కిలోల పైమాటే, కింద బొంత అంగీ, జులైలో మన డాలస్ ఎండ. నీళ్లు, ఉప్పు కలిసిన డ్రింకు, గంటకోసారి చొక్కా విప్పి నీడన కూర్చోవడం. తల తిరిగినా, చెమట ఆగిపోయినా ఆట ఆపెయ్యాలి. నడుముకి బెల్టు బిగిస్తే బరువంతా భుజాల మీద పడదు. అల్యూమినియం అయితే బరువు మూడో వంతే, కానీ దానికి ఎన్ని పాయింట్లిస్తారో రీవ్‌ని అడిగాకే కొనాలి. నన్నడిగితే వారియర్‌గా మారినా ముందు మొండానికి తోలు చాలు. ఎనిమిది ఔన్సుల తోలంటే మూడు మిల్లీమీటర్ల పైన మందం. ఇంట్లోనే కోసి కుట్టుకోవచ్చు, మీరూ పక్కన కూర్చోవచ్చు.

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో చదువుతున్నాను. ఇక్కడ లార్ప్‌లో (వేషం వేసుకుని పాత్రలుగా ఆడే ఆటలో) ప్లాస్టిక్ కవచం చెల్లుతుందా?
– ఒక విద్యార్థి

జవాబు: ఆ నిర్వాహకుల రూల్‌బుక్‌లో కవచం పేజీ తియ్యి బాబూ. లోహమే కావాలన్నారా, లోహంలా కనిపిస్తే చాలన్నారా అన్నది చూడు. కనిపిస్తే చాలంటే ప్లాస్టిక్‌కి నల్లరంగు వేసి, ఆరాక పైపైన వెండిరంగు అద్దు. అంచులు మాత్రం గరుకు కాగితంతో రుద్ది గుండ్రం చెయ్యి. ఆట మొదలవడానికి గంట ముందే వెళ్లి రిఫరీకి చూపించు. ఆయన వద్దంటే విప్పి పెట్టడానికి ఒక సంచి కూడా పట్టుకెళ్లు.