జులైలో ట్రౌట్ చేపల కోసం వెళ్తున్నారా? ముందు నీటి వేడి చూడండి

ప్రశ్న: ఈ మధ్యే ఉద్యోగరీత్యా కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ వచ్చాము. ఆఫీసు స్నేహితులు ఫ్లై ఫిషింగ్, అంటే పురుగులా కట్టిన ఎర (ఫ్లై)తో చేపలు పట్టడం, నేర్పుతామంటున్నారు. చిన్నప్పుడు ఊరి చెరువులో గాలం వేసిన అలవాటుంది. జులై, ఆగస్టుల్లో వెళ్ళవచ్చా?

జవాబు: తప్పకుండా వెళ్ళండి. కొండల మీద మంచు కరిగి వచ్చే వరద జులై నాటికి చాలా నదుల్లో తగ్గి, నీరు తేటపడుతుంది. నీటి పురుగులు రెక్కలు విప్పుకొని పైకి లేచే రోజులు కూడా ఇవే. ఆగస్టులో గట్ల మీది గడ్డిలోంచి మిడతలు నీళ్ళలో పడుతుంటాయి కాబట్టి, మిడతలా కట్టిన ఫ్లై వేస్తే పెద్ద ట్రౌట్ కూడా పైకి వస్తుంది.

అయితే చెరువు గట్టున ఎవరూ చూడనిది ఇక్కడ మొదట చూడాలి. అది నీటి వేడి. మన కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చుకుని బురదనీటిలోనూ బతుకుతుంది. చల్లని నీటిలో బతికే ట్రౌట్‌కు ఆ వీలు లేదు. నీరు వేడెక్కే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకు దాని అవసరమేమో పెరుగుతుంది. అలాంటి నీటిలో పెనుగులాడి అలసిన చేపను తిరిగి నీళ్ళలోకి ఎంత జాగ్రత్తగా వదిలినా, చక్కగా ఈదుకుంటూ వెళ్ళినట్టే కనిపించి తర్వాత చచ్చిపోవచ్చు. మనం ఇంటికి వచ్చేస్తాం, ఆ సంగతి మనకు తెలియనే తెలియదు. నాకు బాధ కలిగించేది అదే.

అందుకే గాలం కర్రతో పాటు చిన్న థర్మామీటరు కొనుక్కోండి. 68 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 20 సెల్సియస్ దగ్గరకు వస్తే ఆపేయండి. తెల్లవారుజామునే మొదలుపెట్టి మధ్యాహ్నం లోపు తిరిగి రావడం మంచిది. మోంటానా రాష్ట్రంలో వరుసగా మూడు రోజులు నీరు 73 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి వరకు చేపలు పట్టడాన్ని నిషేధించవచ్చు. కొలరాడోలో చాలాసార్లు స్వచ్ఛందంగా మానమని కోరతారు. జరిమానా లేదు కదా అని దాన్ని పెడచెవిన పెట్టకండి.

ఎండ మరీ ఎక్కువగా ఉన్న వారాల్లో ఇంకా ఎత్తుకు వెళ్ళండి, లేదా ఆనకట్టల దిగువ చూడండి. జలాశయం అడుగు నుంచి వదిలే నీరు చల్లగా ఉంటుంది. డెన్వర్‌కు దగ్గరలో, సౌత్ ప్లాట్ నది మీద చీజ్‌మన్ ఆనకట్ట కింది లోయ అలాంటిదే. అక్కడ కృత్రిమ ఎరలే వాడాలి, పట్టిన ప్రతి ట్రౌట్‌నూ వెంటనే వదలాలి. పులుసు పెట్టుకోవాలనుంటే చేపలు ఉంచుకోనిచ్చే నీళ్ళు వేరే ఉన్నాయి. ఏ భాగానికి ఏ నియమమో ముందే చదవండి.

వదిలేటప్పుడు చేతులు తడుపుకోండి. చేపను నీళ్ళలోనే ఉంచి, మొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు లేని కొక్కెం వాడితే పని సులువవుతుంది. ఫోటో కోసం గాలిలో పట్టుకుని నిలబడవద్దు.

16 ఏళ్ళు నిండినవారికి లైసెన్సు తప్పనిసరి. స్థానికుల ధర వర్తించాలంటే వరుసగా ఆరు నెలలు రాష్ట్రంలో ఉండాలి, అంతవరకు ఎక్కువే కట్టాలి. ఇక్కడ నది అడుగు కూడా ప్రైవేటు ఆస్తి కావచ్చు, బోర్డులు చూసి దిగండి. మధ్యాహ్నం కొండల మీద ఉరుములు వినిపించిన వెంటనే నీటిలోంచి బయటికి వచ్చి కర్ర కింద పెట్టేయండి. గ్రాఫైట్ కర్రలో విద్యుత్తు ప్రవహిస్తుంది.