జావా నుంచి పీహెచ్‌పీకి వస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ మెయిల్ చదివాను. నాలుగేళ్లు జావా భాషలో ప్రోగ్రాములు రాసిన చేతికి ఇప్పుడు, వెబ్ పేజీలు తయారుచేసే భాష పీహెచ్‌పీ ఇచ్చారు. "సింటాక్స్ రెండు రోజుల్లో వచ్చేసిందక్కా, అయినా ఎక్కడో పట్టు చిక్కడం లేదు" అన్నావు. నాకూ మొదట్లో అంతే. వేరియబుల్ ముందు $ గుర్తు, రెండు స్ట్రింగులు కలపడానికి ప్లస్ బదులు చుక్క, మెథడ్ని పిలవడానికి చుక్క బదులు బాణం. ఇవన్నీ వేళ్లకు అలవాటైపోతాయి. నీకు చిక్కని పట్టు వేరే చోట ఉంది: ప్రోగ్రాం ఎంతసేపు బతికి ఉంటుందన్న దగ్గర.

నేను వచ్చిన మొదటి వారంలో ఒక కౌంటర్ రాశాను. క్లాసులో ఒక స్టాటిక్ వేరియబుల్, పేజీ తెరిచినప్పుడల్లా దానికి ఒకటి కలిపి చూపించడం, అంతే. ఎన్నిసార్లు రిఫ్రెష్ చేసినా తెరమీద 1 కనబడుతోంది. బ్రౌజర్ పాత పేజీనే చూపిస్తోందేమో అనుకుని ఇంకో బ్రౌజర్లో తెరిచాను. సర్వర్ ఆపి మళ్లీ లేపాను. సాయంత్రం దాకా ఆ పది లైన్ల చుట్టూనే తిరిగాను. ఆ లైన్లలో తప్పేమీ లేదు. తప్పు నా ఊహలో ఉంది. జావాలో సర్వర్ ఒకసారి లేచిందంటే నీ ఆబ్జెక్టులు రోజుల తరబడి మెమరీలో ఉంటాయి, వచ్చిన రిక్వెస్టులన్నీ వాటినే తాకుతాయి. పీహెచ్‌పీలో ప్రతి రిక్వెస్ట్‌కీ స్క్రిప్ట్ మొదటి లైను నుంచి మొదలై, జవాబు పంపి, తన వేరియబుల్స్ అన్నీ వదిలేసి వెళ్లిపోతుంది. నా కౌంటర్ ప్రతిసారీ సున్నా దగ్గరే పుట్టి, ఒకటి దాకా ఎదిగి, పోతోంది.

ఇది ఎందుకిలా ఉందో తెలిస్తే మనసుకు ఎక్కుతుంది. 1994లో రాస్మస్ లెర్‌డార్ఫ్ తన సొంత వెబ్ పేజీ కోసం సీ భాషలో కొన్ని చిన్న సీజీఐ ప్రోగ్రాములు రాసుకున్నాడు. సీజీఐ పద్ధతిలో రిక్వెస్ట్ వస్తే ప్రోగ్రాం మొదలవుతుంది, పేజీ ఇచ్చేసి ముగుస్తుంది. 1995లో వాటిని అందరికీ ఇచ్చాడు. తర్వాత భాష ఎంత పెరిగినా, ఇంజన్ ఎన్నిసార్లు తిరగరాసినా, ఆ పుట్టుక లక్షణం మాత్రం పోలేదు. ఇప్పుడు పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం అనే వర్కర్ ప్రాసెస్ (రిక్వెస్టులు అందుకుని స్క్రిప్టులు నడిపేది) బతికే ఉంటుంది, కంపైల్ అయిన కోడ్‌ని ఆప్‌క్యాష్ అనే భాగం మెమరీలో దాచి ఉంచుతుంది. నీ డేటా మాత్రం మిగలదు. మిగలాలంటే సెషన్లోనో, డేటాబేస్‌లోనో, డేటాని మెమరీలో దాచిపెట్టే రెడిస్ లాంటి చోటనో పెట్టాలి.

దీన్ని లోపమని అనుకోకు. ఒక రిక్వెస్ట్‌లో చేసిన పొరపాటు ఇంకొకరి రిక్వెస్ట్‌ని ముట్టుకోదు. మెమరీ కొంచెం కొంచెంగా కారి మూడు రోజులకు సర్వర్ కూలడమనే బాధ చాలామటుకు ఉండదు. రెండు థ్రెడ్లు ఒకే ఆబ్జెక్ట్ కోసం కొట్టుకునే సమస్యకి ఇక్కడ చోటే లేదు. దానికి బదులు, మొదట్లో చేసే ప్రతి పనికీ రిక్వెస్ట్ రిక్వెస్ట్‌కీ ఖర్చు కట్టాలి. జావాలో సర్వర్ లేచేటప్పుడు పెద్ద కాన్ఫిగ్ చదివి, యాభై ఆబ్జెక్టులు తయారుచేసి పెట్టుకోవడం మంచి అలవాటు. అదే అలవాటు ఇక్కడికి తెస్తే పేజీ తెరిచిన ప్రతి మనిషీ ఆ యాభై ఆబ్జెక్టుల కోసం ఎదురుచూడాలి. ఏది కావాలో అది, కావలసినప్పుడే తయారుచేసుకో. చనిపోకుండా నడిచే వర్కర్ పద్ధతులు కూడా వచ్చాయి, ఫ్రాంకెన్‌పీహెచ్‌పీ లాంటివి. ఆరు నెలల దాకా వాటి జోలికి వెళ్లకు.

ఇక టైపుల సంగతి. బ్రౌజర్ ఫారం నుంచి వచ్చేదంతా అక్షరాలే. వయసు 25 అని నింపినా నీకు చేరేది "25" అనే స్ట్రింగ్. అందుకని ఈ భాష మొదటి నుంచీ స్ట్రింగ్‌ని అంకెగా చూసే చొరవ తీసుకుంటుంది, == గుర్తు కూడా అలాగే పోలుస్తుంది. "1e3" == "1000" అని అడిగితే ఇప్పటికీ అవునంటుంది, ఎందుకంటే రెండూ అంకెల్లా చదవడానికి వీలైన స్ట్రింగులే. 2020లో వచ్చిన 8.0 కంటే ముందైతే 0 == "abc" కూడా నిజమే అయ్యేది. కాబట్టి మూడు గీతల === వాడు, ఎప్పుడూ. విలువతో పాటు టైపు కూడా ఒకటే అయితేనే అది అవునంటుంది. ప్రతి ఫైలు మొదట్లో స్ట్రిక్ట్ టైప్స్ ప్రకటన పెట్టు. ఫంక్షన్‌కి వచ్చే ప్రతి విలువకీ, అది తిరిగిచ్చేదానికీ టైపు రాయి. ఇక్కడ నీ జావా క్రమశిక్షణ నీకు ఆస్తి, దాన్ని వదులుకోమని ఎవరు చెప్పినా వినకు.

ఒక్కచోట మాత్రం జావా అలవాటే నిన్ను ముంచుతుంది. అర్రే. పీహెచ్‌పీలో లిస్టూ, మ్యాపూ రెండూ అదే, వరస కూడా చెడదు. హాయిగా ఉంటుంది. అయితే జావాలో లిస్టుని మెథడ్‌కి ఇచ్చి లోపల ఒకటి చేర్చితే బయట కూడా చేరుతుంది. ఇక్కడ అర్రేని ఇస్తే లోపలికి వెళ్లేది దాని విలువ, లోపల చేర్చింది లోపలే ఉండిపోతుంది. ఆబ్జెక్టులు మాత్రం జావాలో లాగే ఉంటాయి. మార్చిన అర్రేని రిటర్న్ చెయ్యడం అలవాటు చేసుకో.

వెతుకుతుంటే పాత పాఠాలు చాలా తగులుతాయి. మైఎస్‌క్యూఎల్ అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫంక్షన్లు కనబడితే ఆ పేజీ మూసెయ్. 2015లో 7.0 వచ్చినప్పుడే వాటిని తీసేశారు. డేటాబేస్‌తో మాట్లాడటానికి పీడీఓ, దానితో క్వెరీనీ విలువల్నీ వేరువేరుగా ఇచ్చే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడు. మనిషి ఇచ్చిన మాటని క్వెరీలో అతికించకు. బయటి లైబ్రరీలు తెచ్చిపెట్టే కంపోజర్ నేర్చుకో, నేమ్‌స్పేస్‌కీ ఫోల్డర్‌కీ పొత్తు కుదిరే పద్ధతి నీకు జావా ప్యాకేజీల్లాగే అనిపిస్తుంది.

ఫ్రేమ్‌వర్క్ తెరవకముందు ఈ వారం ఒక పని చెయ్. పేరు, వయసు అడిగే ఒక్క ఫారం రాయి. పీహెచ్‌పీలోనే చిన్న సర్వర్ ఉంది, కమాండ్ లైన్లో లేపుకోవచ్చు. ఫారం పంపగానే వచ్చిన పోస్ట్ అర్రేని వార్ డంప్‌తో తెరమీద చూడు. పేరు దగ్గర "తెలుగు" అని నింపితే, స్ట్రింగ్, నిడివి 18 అని చూపిస్తుంది. మన కంటికి మూడక్షరాలే. యూనికోడ్ లెక్కలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం ఆరు. యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు. పీహెచ్‌పీ స్ట్రింగ్ అంటే బైట్ల వరస, అది లెక్కపెట్టింది బైట్లనే. జావాలో లెంగ్త్ అడిగితే 6 వచ్చేది. ఇక్కడ ఎంబీ స్ట్ర్‌లెన్ అడిగితే 6 వస్తుంది, గ్రాఫీమ్ స్ట్ర్‌లెన్ అడిగితే 3. పేరు ఇరవై అక్షరాలు దాటకూడదని మామూలు స్ట్ర్‌లెన్‌తో కాపలా పెడితే, తెలుగులో పేరు రాసుకున్న మనిషి యూనికోడ్ లెక్కలో ఏడో గుర్తుకే ఆగిపోతాడు, ఎందుకు ఆగాడో అతనికి తెలియదు.

వయసు దగ్గర స్ట్రింగ్, నిడివి 2 అని వస్తుంది. దాన్ని ఫిల్టర్ వార్‌తో ఫిల్టర్ వాలిడేట్ ఇంట్ అని అడిగి అంకెగా మార్చు. సరైన అంకె కాకపోతే ఫాల్స్ ఇస్తుంది. ఇప్పుడు వయసు 0 అని పంపి చూడు, ఒక చంటిపాప పేరు నమోదు చేస్తున్నావనుకో. === వాడకుండా ఉత్త ఇఫ్ రాసి ఉంటే అది 0ని కూడా ఫాల్స్‌గానే చూస్తుంది, ఆ పాపని నీ ఫారం లోపలికి రానివ్వదు.

రెండూ సరిగ్గా నడిచాక ఫైలు నాకు పంపు. ఆదివారం కూర్చుని లైను లైనూ చదువుతాను.

మీ అక్క